రోహ్తాంగు కనుమ క్రింది త్రోవ



హిమవత్పర్వతమును గూర్చి మనము పురాణకాలక్షేపములలో వినని వారము కాము. కాని ఆ పర్వతములలో కాపురముండు సామాన్యజనులు చలికాలము నెట్లు గడుపుదురో, జబ్బుచేసిన నెచ్చటికి బోవుదురో, పండించిన పంట నెట్లమ్ముకొందురో విచారించుట మాత్రము అరుదు. నేను ముప్పదియారేండ్లు పల్లె పాఠశాలలలో తెలుగు బోధించి విశ్రాంతి గైకొన్నవాడను. నా మేనల్లుడు ఉద్యోగవశమున చండీగఢమున నుండుటచేత, గడచిన జ్యేష్ఠమాసమున వానితో గూడ హిమాచలప్రదేశములోని మనాలీకిని, దానికి ఉత్తరమున నున్న లాహులు దేశమునకును పోయివచ్చు భాగ్యము కలిగినది. పోవునపుడు రోహ్తాంగు కనుమ నెక్కి పోయితిమి. వచ్చునపుడు ఆ కనుమ క్రింద కొండను దొలచి వేసిన సొరంగములోనుండి వచ్చితిమి. ఈ రెండు త్రోవలకును గల భేదమే నేటి నా ప్రసంగవిషయము.

మనాలీ బియాసు నది యొడ్డున నున్నది. ఋగ్వేదమున విపాట్టనియు, భారతమున విపాశయనియు పేర్కొనబడిన నది యిదియే. ఈ పేరునకు ఆదిపర్వమున నొక కథ కలదు. నూర్గురు కొడుకులను పోగొట్టుకొనిన వసిష్ఠమహర్షి పుత్రశోకమును భరింపజాలక, తన శరీరమును త్రాళ్ళతో గట్టుకొని వరదనదిలో దూకెనట. నది ఆయనను ముంచుటకు మారుగా, ఆ కట్లను త్రెంచి ఒడ్డునకు జేర్చెను. పాశములను విప్పినది గనుక విపాశ యైనది. మనాలీకి ఎదుటి యొడ్డున వసిష్ఠుని పేరనే యొక గ్రామమును, అందు వేడినీటి బుగ్గలును కలవు. పాతమనాలీలో మనువునకు గుడి యున్నది. జలప్రళయానంతరము మనువు ఇచ్చటనే యోడ దిగెనని ఆ యూరివారి నమ్మకము. దేవదారువనమున హిడింబాదేవికి 1553వ సంవత్సరమున రాజా బహాదుర్‌సింగు కట్టించిన కొయ్యగుడి కలదు. ఒకదానిపై నొకటిగా మూడు చూరులతో, వాటిపై గోపురాకృతితో నున్న ఆ గుడిని జూచిన మన శిల్పములు కన్నులకు వేరుగా దోచును. దేవత మాత్రము మనమెరిగిన భీమసేనుని భార్యయే.

మనాలీనుండి రోహ్తాంగు శిఖరమునకు రమారమి 51 కిలోమీటర్ల దూరము. ఆ కనుమ యెత్తు 3,978 మీటర్లు, అనగా పదమూడువేల అడుగులకు మించినది. వాహనముల పొగచే మంచు చెడుచున్నదని 2015వ సంవత్సరమునుండి జాతీయ హరిత న్యాయాధికరణమువారు అచ్చటికి దినమునకు పోదగిన బండ్ల సంఖ్యకు పరిమితి విధించిరి. మేమును అనుమతిపత్రము గైకొని పోయితిమి. మలుపు వెనుక మలుపు. ప్రతి మలుపునను లోయ మరింత లోతు. మర్హీ యను మజిలీ దాటిన పిమ్మట దేవదారువులు లేవు, పొదలును లేవు. రాయియు మంచును మాత్రమే. పైకి జేరునప్పటికి నాకు ఊపిరి చాలక, నాలుగడుగులు వేసి నిలువవలసివచ్చినది. రోహ్తాంగు అను పేరునకు శవముల కుప్ప యని అర్థము చెప్పుదురు. పేరుపెట్టినవారు ఆ చోటును ఎరిగియే పెట్టిరని నాకు దోచినది.

ఈ కనుమ ప్రాచీనమైన త్రోవ. క్రీస్తుశకము ఏడవ శతాబ్దిలో మనదేశమునకు వచ్చిన చీనా యాత్రికుడు హ్యూన్‌త్సాంగు, కులూత దేశమునకు ఉత్తరమున ప్రమాదములతో నిండిన కొండదారులకు ఆవల లాహులు దేశము కలదని వ్రాసియున్నాడు. కులూతమనగా నేటి కులూ. 1820వ సంవత్సరమున మూర్‌క్రాఫ్టను ఆంగ్లేయుడు గుఱ్ఱములకై మధ్యాసియాకు బోవుచు ఈ కనుమనే దాటెను. ఉన్ని, ఉప్పు, ధాన్యము, తేయాకు మోసికొని గొఱ్ఱెలును కంచరగాడిదలును ఈ త్రోవనే నడచినవి. కాని యీ రాకపోకలన్నియు మంచు కరగియున్న నెలలలోనే. కార్తికమాసము ముదిరిన పిదప కనుమ మూసికొనిపోవును. మరల తెఱచుట వైశాఖమాసమునకు. ఏటికి రమారమి ఆరునెలలు లాహులు దేశము వేరొక లోకముగా నుండెడిది.

కనుమ దాటి దిగగానే దేశము మారిపోయినది. వర్షాకాలపు మేఘములను రోహ్తాంగు పర్వతపంక్తి అడ్డగించుటచే ఇటు పచ్చదనము, అటు నగ్నమైన కొండలు. అడుగున చంద్రానది బూడిదవన్నె నీటితో పరవళ్ళు త్రొక్కుచుండును. బారాలాచా కనుమయొద్ద చంద్ర యొకవైపునను, భాగ మరియొకవైపునను పుట్టి, కొండలను జుట్టివచ్చి, తాండి యను గ్రామమువద్ద కలిసికొని చంద్రభాగ యగును. అదియే చీనాబు, ఋగ్వేదములోని అసిక్ని. వానలేని యీ దేశమున జనులు మంచుకొండల కరగునీటిని చిన్న కాలువలద్వారా పొలములకు దెచ్చికొని యవలును, బఠాణీలును, బంగాళాదుంపలును పండింతురు. దుంపసేద్యము నేర్పినవారు పందొమ్మిదవ శతాబ్ది నడుమ కేలాంగులో స్థిరపడిన మొరేవియన్ మతబోధకులు. ఇచ్చట బౌద్ధమును శైవమును ఒకే గుడిలో నిలుచును. త్రిలోకనాథక్షేత్రమునందలి మూర్తిని హిందువులు శివుడనియు, బౌద్ధులు అవలోకితేశ్వరుడనియు కొలుతురు, పోరు లేదు.

సిస్సు అను గ్రామమున నొక వృద్ధుని యింట మేము రెండుదినములు బసచేసితిమి. డెబ్బదియెనిమిదేండ్లవాడు, ఇంటిముందు బఠాణీచేనికి నీరు కట్టుచుండెను. నేను ఉపాధ్యాయుడనని మేనల్లుడు చెప్పగా, ఆయన చేతిపార ప్రక్కనబెట్టి, "మాస్టర్జీ, రండి" యని లోనికి దోడ్కొనిపోయెను. నాకు వచ్చిన కొలది హిందీతోను, మేనల్లుని సాయముతోను మా మాటలు సాగినవి. చలికాలమెట్లు గడచెడిదని అడిగితిని.

"ఆరునెలలకు సరిపడు పిండి, పప్పు, ఉప్పు, కట్టెలు, పశువులకు ఎండుగడ్డి, అంతయు మంచు పడకముందే ఇంటికి జేర్చుకొనవలెను. చేర్చుకొననివాడు పొరుగువాని ఋణమున బడును. లోన కూర్చుండి ఉన్నివడకి మేజోళ్ళల్లెదము. ఆకలితో చచ్చినవారు మాలో లేరు, మాస్టర్జీ. జబ్బుతో చచ్చినవారు ప్రతి యింటను కలరు" అని ఆయన చెప్పెను.

గడ్డకట్టిన కనుమను కాలినడకను దాటుటకు సాహసించిన వారును కలరట. టపా మోయువారు గుంపుగా, వేకువజామున మంచు గట్టిగా నున్నపుడే దాటవలెను. మధ్యాహ్నమైన గాలి లేచును, మంచుచరియలు జారును. తరువాతి కాలమున ప్రభుత్వమువారు చలికాలమున హెలికాప్టరులు నడపిరి. కాని మబ్బు పట్టిన అవి లేవవు. ఆ వృద్ధుని కోడలు ప్రసవవేదనతో నాలుగు దినములు హెలికాప్టరుకై కనిపెట్టుకొని యుండెను. అయిదవదినమున ఆకాశము తెరపిచ్చినది. తల్లి బ్రతికినది, బిడ్డ దక్కలేదు. ఇది చెప్పునపుడు ఆయన గొంతు మారలేదు. కిటికీలోనుండి నదివైపు చూచుచు చెప్పెను.

అయ్యలారా, నాకు మా పెద్దక్క జ్ఞప్తికి వచ్చినది. మా యూరికిని తాలూకా పట్టణమునకును నడుమ నొక వాగు కలదు. నాకు పదియేండ్ల వయసున, శ్రావణమాసమున, అక్కకు నొప్పులు కష్టమై బండి కట్టిరి. వాగు రెండుదరులు ఒరసి పారుచుండెను. బండి ఆ రాత్రియంతయు ఈవలి గట్టుననే నిలిచినది. తెల్లవారునప్పటికి వాగు తీసినది, అక్క లేదు. వంతెన పండ్రెండేండ్లకు వచ్చినది. ఈ సంగతి ఆ వృద్ధునకు జెప్పితిని. ఆయన చాలసేపు మాటాడక, నా చేతిమీద చేయి వైచి, "మీ దేశమున మంచు లేకున్నను కనుమ యున్నదన్నమాట" అనెను.

ఇక సొరంగము చరిత్రమునకు వచ్చెదను. రోహ్తాంగు మీది త్రోవ లాహులువారికి మాత్రమే గాక, లదాఖులోని సైన్యమునకును ముఖ్యమైనది. లదాఖుకు అప్పటికి రెండే పెద్ద త్రోవలు: ఒకటి శ్రీనగరమునుండి, రెండవది మనాలీనుండి. 1999వ సంవత్సరమున కార్గిలు యుద్ధమునందు మొదటి త్రోవ శత్రువుల ఫిరంగులకు గురియైనది. రెండవదాని విలువ అందరకును తెలిసివచ్చినది. 2000వ సంవత్సరము జూన్ 3వ తేదీన, అటల్‌బిహారీ వాజపేయిగారు ప్రధానమంత్రిగా నున్నపుడు, కనుమ క్రింద సొరంగము త్రవ్వవలెనని నిర్ణయమైనది. మనాలీకి దాపునగల ప్రీణి గ్రామమున వాజపేయిగారికి ఇల్లుండెడిది. ఆ కొండలను ఆయన చిరకాలముగా నెరుగుదురు. 2002వ సంవత్సరము మే 26వ తేదీన దక్షిణద్వారమునకు బోవు బాటకు శంకుస్థాపనము జరిగినది. సొరంగమునకే శంకుస్థాపనము 2010వ సంవత్సరము జూన్ 28వ తేదీన సోనియాగాంధీగారు చేసిరి. పని సరిహద్దు రహదారుల సంస్థవారిది. ఒక ప్రభుత్వము సంకల్పించినదానిని మరియొక ప్రభుత్వము మొదలుపెట్టినది, వేరొకటి ముగించినది. గ్రామమున చెరువుపనికి కూడ ఇట్టి బుద్ధి యుండిన ఎంత బాగుండును!

కొండను రెండువైపులనుండి త్రవ్వుచు వచ్చిరి. బండకు కన్నములు వేసి, మందు గూరి పేల్చి, రాళ్ళను బయటికి దోలి, తొలిచిన కప్పు కూలకుండ ఇనుపచీలలు దిగగొట్టి, ఇనుపకమానులు నిలిపి, పైన కాంక్రీటు చిమ్మి, పిదప ముందుకు సాగుట. ఇది క్రమము. 2015వ సంవత్సరమునకు పని ముగియునని మొదట తలచిరి. కాని దక్షిణపువైపున సేరీ నాలా యను వాగు క్రిందికి వచ్చునప్పటికి కొండ లోపల గట్టిరాయి లేక, పగిలిన రాళ్ళును, మన్నును, ఊరు నీరును కలిసిన బురద యెదురైనది. భూమిలో పూర్వమెప్పుడో పొరలు విరిగి జరిగిన చోటది. ఆ భాగము 587 మీటర్లు మాత్రమే. మన యూరిలో రామాలయమునుండి చెరువుగట్టున కుండునంత దూరము. దానిని దాటుటకు సంవత్సరములు పట్టినవి. త్రవ్విన కొలది పైనుండి మరల కూలి నిండెడిది. తుదకు 2017వ సంవత్సరము అక్టోబరు మాసమున రెండు కొనలును కలిసినవి. పనియంతయు ముగిసి 2020వ సంవత్సరము అక్టోబరు 3వ తేదీన ప్రధానమంత్రి నరేంద్రమోదీగారు దానిని ప్రారంభించిరి. అంతకు ముందే, 2019వ సంవత్సరము డిసెంబరులో దానికి అటల్ సొరంగమని పేరు నిశ్చయింపబడెను. వాజపేయిగారు దానిని జూడకయే 2018వ సంవత్సరమున కాలధర్మము నొందిరి.

సొరంగము పొడవు 9.02 కిలోమీటర్లు, అనగా అయిదున్నర మైళ్ళకు పైబడినది. సముద్రమట్టమునకు పదివేల అడుగులకు మించిన యెత్తున నిది యున్నది. అంత యెత్తున నింత పొడవైన రహదారి సొరంగము లోకమున వేరొకటి లేదని ప్రసిద్ధి. వ్యయము రమారమి 3,200 కోట్ల రూపాయలు. దీనివలన మనాలీనుండి లేహునకు 46 కిలోమీటర్ల దూరమును, నాలుగైదు గంటల కాలమును తగ్గినవి.

మేము మూడవనాడు సిస్సునుండి బయలుదేరి ఉత్తరద్వారమున బ్రవేశించితిమి. లోపల పట్టపగలువలె దీపములు. గుఱ్ఱపునాడా ఆకారముగల కప్పు క్రింద రెండుబండ్లు ఎదురెదురుగా సుఖముగా బోవు బాట. నూటయేబది మీటర్ల కొకచోట ఆపత్కాలమున మాటాడుటకు టెలిఫోను, అరువది మీటర్ల కొకచోట నిప్పార్పు నీటిగొట్టము, అయిదువందల మీటర్ల కొకచోట తప్పించుకొనుటకు ద్వారము. ఆ ద్వారములనుండి దిగిన, మన బాట క్రిందనే మరియొక చిన్న సొరంగము కలదు. గాలి చెడకుండుటకు యంత్రములు నిరంతరము పనిచేయుచుండును. ప్రక్కబండిలోని యువకులు కిటికీలోనుండి తలలు బయటబెట్టి కేకలు వేయుచు, తమ ప్రతిధ్వని విని నవ్వుచుండిరి. నేను గడియారము చూచితిని. పండ్రెండు నిమిషములలో ధూంధీ యను దక్షిణద్వారమున వెలుగులోనికి వచ్చితిమి. సేరీ నాలా క్రిందికి ఎపుడు వచ్చితిమో, ఎపుడు దాటితిమో నాకు దెలియనే లేదు. ఆ పిల్లల కేకలకు నాకు కోపము రాలేదు. మా వాగుమీది వంతెనపై బస్సులో బోవు పిల్లలకును క్రింద వాగున్నదని తెలియదు. తెలియకుండ దాటగల్గుటయే గదా వంతెన చేయు ఉపకారము!

కాని యింతమాత్రమున అంతయు మేలే జరిగినదనుట చరిత్రమగాదు. సొరంగమునుండి బయటబడిన బండ్ల వరుసతో సిస్సు గ్రామము నిండిపోవుచున్నది. ఆటబొమ్మలవంటి దుకాణములు, నీటిసీసాలు, పారవేసిన కాగితములు చంద్రానది యొడ్డువరకు వ్యాపించినవి. జనవరిమాసమున లాహులువారు తమ సంవత్సరాది పండుగను, గ్రామదేవతల కొలుపులను ప్రశాంతముగా, సద్దులేక జరుపుకొనుట ఆచారము. అందుచే ఆ గ్రామములవారు ఈ నడుమ కొన్ని సంవత్సరములు ఆ వారములలో యాత్రికుల వినోదములను నిలిపివేసిరి. తమ తలుపు తెఱచిరిగాని గడియ తీసి పారవేయలేదు. అది వివేకము.

మరియు సొరంగము లాహులును తెఱచినదేగాని లేహును తెఱవలేదు. దానికావల 16,000 అడుగుల బారాలాచా కనుమయు, ఇంకను ఇతర కనుమలును చలికాలమున మూసికొనియే యుండును. వాటిని తప్పించుటకు షింకులా యను కనుమ క్రింద రమారమి నాలుగు కిలోమీటర్ల మరియొక సొరంగమునకు 2024వ సంవత్సరము జులైలో పని మొదలిడిరి. ఆ త్రోవల చివర కావలియున్నవారిలో మనవారును కలరు. 2020వ సంవత్సరము జూన్ 15వ తేదీన గల్వాను లోయలో ప్రాణములర్పించిన కర్నలు సంతోష్‌బాబుగారు మన సూర్యాపేటవారు. కాబట్టి ఆ దూరపు త్రోవ మనది కాదనుటకు వీలులేదు.

ఇంకొక మాట. హిమాలయములు వయసున చిన్నపర్వతములు. వాటి పొరలింకను కుదురుకొనలేదు. త్రవ్వువాడు ఆ సంగతి మరువరాదు. 2023వ సంవత్సరము నవంబరు 12వ తేదీన, దీపావళినాడు, ఉత్తరకాశికి చేరువ సిల్క్యారా సొరంగమున కప్పు కూలి 41 మంది కూలీలు లోన చిక్కుకొనిరి. పెద్దయంత్రము విరిగిపోగా, చివరి కొన్ని మీటర్లను ఎలుకబొరియలవలె గనులు త్రవ్వు పేదపనివారు చేతిపనిముట్లతో దొలచి, పదునేడవదినమున అందరను ప్రాణములతో వెలికి దెచ్చిరి. సొరంగములకు నాయకుల పేర్లు పెట్టుదురు, అది న్యాయమే. కాని చీకటిలో బురదలో నిలిచి త్రవ్వినవారి పేర్లు ఏ ఫలకముమీదను మనకు గానరావు. మన గ్రామములలో వంతెన గాని, బావి గాని కట్టినపుడు, పనిచేసినవారి పేర్లు ఒక మూలనైనను చెక్కించుడని పెద్దలను ప్రార్థించుచున్నాను. ఖర్చు అధికము గాదు.

సిస్సునుండి బయలుదేరు ఉదయమున ఆ వృద్ధుని మనుమరాలు పుస్తకములసంచి తగిలించుకొని వచ్చి మాకు నమస్కరించినది. కులూలో కళాశాలలో చదువుచున్నదట. చలికాలమున సెలవులకు ఇంటికి వచ్చి, తిరిగి పరీక్షలకు బోగలిగిన మొదటి తరము తమదని చెప్పినది. సొరంగము తెఱచిన పిమ్మటి యేట, మాఘమాసమున, తాతకు గుండెనొప్పి వచ్చినదనియు, ఆ రాత్రియే బండిలో కులూ ఆసుపత్రికి జేర్చితిమనియు ఆమెయే చెప్పినది. వృద్ధుడు సిగ్గుపడినట్లు నవ్వి, "ఈ యేడు బఠాణీ బాగుగా వచ్చును" అని మాట మార్చెను.

మనాలీ చేరిన సాయంకాలము నేను బియాసు నదియొద్ద కాళ్ళు కడుగుకొని కొంతసేపు కూర్చుంటిని. కట్లు త్రెంచి వసిష్ఠుని ఒడ్డునకు జేర్చిన నది యదియే. నా చిన్ననాటి వాగు మాత్రము అట్టి దయ చూపలేదు. నదులు చూపని దయను మనుష్యులే చూపవలెను. మీ యూరికి వర్షాకాలమున తెగిపోవు త్రోవ యేదైన నున్నయెడల, ఈ సంవత్సరమే పదిమందియు గూడి దానికై అర్జీ వ్రాయుడు. జవాబు రాకున్న మరల వ్రాయుడు. ఆ కొండ క్రింది త్రోవకు నిర్ణయమునుండి ప్రారంభమువరకు ఇరువదియేండ్లు పట్టినది. మా వంతెనకు పండ్రెండేండ్లు పట్టినది. ఆలస్యముగా మొదలిడినవారికి ఇంకను ఆలస్యమగును.